ఒక సీటులో సరిచేస్తే మరో సీటులో పాడయ్యే లింక్డ్ టేబుల్స్: ముందుగా చూడవలసింది ఏమిటి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతవరకు ముందుగా చెబుతాను. విశాఖ డాబాగార్డెన్స్‌లోని మీ మందుల పంపిణీ కార్యాలయంలో ఐదు సీట్లు, అంటే పని చేసే ఐదు కంప్యూటర్లు ఉన్నాయి, బిల్లింగ్ అంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో నడుస్తోంది. టేబుల్స్ ఉన్న బ్యాక్ ఎండ్ ఫైలు, ఫారాలూ రిపోర్టులూ ఉన్న ఫ్రంట్ ఎండ్ ఫైలు రెండూ ఒకే షేర్ ఫోల్డరులో ఉన్నాయి. పది రోజుల కిందట ఆ ఫోల్డరు ఉన్న కంప్యూటరును, అంటే డేటా సిస్టమ్‌ను మార్చి కొత్తది పెట్టి, పాతదాన్ని డిస్పాచ్ కౌంటరుకు ఇచ్చారు. అప్పటినుంచి ఏదో ఒక సీటులో “ఇది సరైన పాత్ కాదు” అన్న అర్థం వచ్చే సందేశం వస్తోంది. యాక్సెస్‌లో లింకులు మార్చే లింక్డ్ టేబుల్ మేనేజరులో సరిచేస్తే ఆ సీటు బాగుపడి మరొకటి ఆగిపోతోంది. ఇంకొక సీటులో డేటా కనిపిస్తోంది గాని కొత్త ఎంట్రీ సేవ్ కావడం లేదు. డిస్పాచ్ కౌంటరులో మాత్రం ఈ పది రోజులూ ఒక్క ఇబ్బందీ లేదు, కానీ అక్కడ వేసిన కొన్ని ఎంట్రీలు అకౌంట్స్ వారికి కనిపించడం లేదు. డేటాబేస్ పాడైందా, టేబుల్స్‌ను ప్రతి సిస్టమ్‌లోకీ ఇంపోర్ట్ చేసుకోమని ఒకరు ఇచ్చిన సలహా పాటించవచ్చా అని అడిగారు.

సూటిగా సమాధానం ఇది. మీరు చెప్పిన లక్షణాల్లో డేటాబేస్ పాడైనట్టు చూపించేది ఒక్కటీ లేదు. డిస్పాచ్ కౌంటరు తప్ప మిగిలిన సీట్ల వారందరూ ఒకే ఫ్రంట్ ఎండ్ ఫైలు తెరుస్తున్నారు, అందులో ఉన్న చిరునామా మాత్రం ఒక్కొక్క సిస్టమ్‌లో ఒక్కొక్క చోటికి పోతోంది. టేబుల్స్‌ను ఎట్టి పరిస్థితిలోనూ ఇంపోర్ట్ చేయకండి. అన్నిటికంటే ముందు, ఈ రోజే, డిస్పాచ్ కౌంటరులో పని ఆపించండి. అక్కడ వేస్తున్న ఎంట్రీలు పాత ఫైలులోకి పోతున్నాయని నా గట్టి అనుమానం.

కారణం చెబుతాను. ఫ్రంట్ ఎండ్‌లో చిన్న నీలి బాణం గుర్తుతో కనిపించే లింక్డ్ టేబుల్‌లో డేటా ఏమీ ఉండదు. బ్యాక్ ఎండ్ ఫైలు పూర్తి పాత్ (ఫైలు ఉన్న చోటు చిరునామా), అందులోని టేబుల్ పేరు, కాలమ్‌ల వివరాలు మాత్రమే దానిలో ఉంటాయి. ఆ పాత్‌ను యాక్సెస్ ఉన్నదున్నట్టుగా రాసుకుంటుంది. మీరు జెడ్ డ్రైవు ద్వారా వెళ్ళి ఫైలును ఎంచుకుంటే జెడ్ అనే రాసుకుంటుంది, వై డ్రైవు ద్వారా వెళితే వై అని రాసుకుంటుంది. కొత్త సిస్టమ్ ముందే కూర్చొని చేస్తే దాని సొంత డి డ్రైవు పేరు రాసుకుంటుంది. షేర్ ఫోల్డరుకు పెట్టుకున్న జెడ్, వై వంటి డ్రైవు అక్షరం నెట్‌వర్క్ మొత్తానికి చెందినది కాదు, ఆ సిస్టమ్‌లో ఆ లాగిన్‌కు మాత్రమే చెందినది. ఫ్రంట్ ఎండ్ ఒకటే కాబట్టి బిల్లింగ్ సీటులో వై ద్వారా లింకు మార్చిన క్షణంలో ఆ మార్పు అందరికీ వర్తిస్తుంది, జెడ్ మాత్రమే ఉన్న సీటు ఆగిపోతుంది. అక్కడివారు మళ్ళీ జెడ్‌కు మారుస్తారు, అప్పుడు బిల్లింగ్ సీటు ఆగిపోతుంది. మీరు పది రోజులుగా చూస్తున్నది ఇదే.

ఇక డిస్పాచ్ కౌంటరు సంగతి. అది పాత డేటా సిస్టమ్. కొత్తదానికి ఫైళ్ళను కాపీ చేసినప్పుడు పాతవాటిని తొలగించారని మీరు ఎక్కడా రాయలేదు. దాని డెస్క్‌టాప్ మీద ఉన్న షార్ట్‌కట్ దాని డి డ్రైవులోని పాత ఫ్రంట్ ఎండ్‌నే తెరుస్తూ ఉండాలి, ఆ ఫ్రంట్ ఎండ్ పక్కనే ఉన్న పాత బ్యాక్ ఎండ్‌కు లింకై ఉండాలి. పాత్ సరైనదే, ఫైలు ఉన్నది, అనుమతి ఉన్నది, కనుక సందేశం రావలసిన అవసరమే లేదు. అందరికీ ఇబ్బంది వచ్చి ఒక్క సీటుకు రాకపోతే ఆ సీటునే ముందుగా పరీక్షించాలి. తెగిపోయిన లింకు వెంటనే తెలిసిపోతుంది కనుక దానివల్ల జరిగే నష్టం తక్కువ. తప్పు ఫైలుకు చక్కగా అతుక్కున్న లింకు మాత్రం నెలల తరబడి తెలియకుండా పని చేస్తూనే ఉంటుంది.

దీనిని నిర్ధారించడం తేలిక. డిస్పాచ్ కౌంటరులో ఫ్రంట్ ఎండ్ తెరిచి, ఎడమవైపు జాబితాలో ఏదైనా లింక్డ్ టేబుల్ మీద మౌస్ ఆనించి ఉంచితే దాని పాత్ కనిపిస్తుంది. లింక్డ్ టేబుల్ మేనేజరులోనూ అదే కనిపిస్తుంది. ఒక్క టేబుల్ చూసి వదిలేయకండి, అన్నిటినీ చూడండి. నేను ఒకసారి పరిశీలించిన కార్యాలయంలో ఆర్థిక సంవత్సరం మారినప్పుడల్లా కొత్త బ్యాక్ ఎండ్ తయారుచేసుకునేవారు. ఇరవైకి పైగా టేబుల్స్‌ను కొత్త ఫైలుకు మార్చారు గాని పార్టీల బాకీలున్న ఒక్క టేబుల్ మాత్రం నిరుటి ఫైలుకే లింకై ఉండిపోయింది. ఏ సందేశమూ రాలేదు. జూలైలో పార్టీలు మా బాకీ తప్పు చూపిస్తున్నారని ఫోన్లు చేసేదాకా ఎవరికీ తెలియలేదు. టేబుల్స్ ఎక్కువగా ఉంటే ఎమ్‌సిస్‌ఆబ్జెక్ట్స్ (MSysObjects) అనే అంతర్గత టేబుల్ మీద ఒక క్వెరీ రాసి, టైప్ (Type) విలువ 6 ఉన్న వరుసల్లో పేరు (Name), డేటాబేస్ (Database) అనే రెండు కాలమ్‌లు చూస్తే అన్ని పాత్‌లూ ఒక్కచోట వరుసగా కనిపిస్తాయి. యాక్సెస్ ఫైలుకు లింకైన టేబుల్స్‌కు టైప్ 6, ఫైలులోనే ఉన్న సొంత టేబుల్స్‌కు టైప్ 1, ఓడీబీసీ ద్వారా వేరే రకం డేటాబేస్‌కు లింకైనవాటికి టైప్ 4 ఉంటుంది. మీ బిల్లుల టేబుల్ టైప్ 1లో కనిపించిందంటే, ఎవరో ఇంతకుముందే ఇంపోర్ట్ చేశారన్న మాట.

ఇంపోర్ట్ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. ఇంపోర్ట్ చేస్తే సందేశం నిజంగానే పోతుంది, అందుకే ఆ సలహా నమ్మదగినదిగా కనిపిస్తుంది. కానీ ఆ సీటు అప్పటినుంచి తన సొంత నకలులో రాసుకుంటుంది. అల్లిపురంలో ఒక హోల్‌సేల్ వ్యాపారి వద్ద ఇదే జరిగింది. రెండు వారాలపాటు ఒక సీటు బిల్లులు ఆ సీటులోనే ఉండిపోయాయి, రెండు వైపులా ఆటోనంబర్ (ప్రతి కొత్త ఎంట్రీకి యాక్సెస్ తానే ఇచ్చే నంబరు) తన దారిన తాను పెరిగింది, ఒకే నంబరుతో ఇద్దరు వేర్వేరు పార్టీలకు బిల్లులు పోయాయి. వాటిని విడదీసి కలపడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. జీఎస్టీ రిటర్ను గడువు దగ్గరపడిన రోజుల్లో ఆ కుటుంబం పడిన ఆందోళన నేను మరచిపోలేదు.

ఇప్పుడు చేయవలసిన పని. అందరినీ బయటికి రమ్మని చెప్పి, పాత సిస్టమ్‌లోని బ్యాక్ ఎండ్‌కూ కొత్త సిస్టమ్‌లోని బ్యాక్ ఎండ్‌కూ ఒక్కొక్క కాపీ తీసి పెన్ డ్రైవులో విడిగా భద్రపరచండి. బ్యాక్ ఎండ్ పక్కన అదే పేరుతో, ఎల్ఏసీసీడీబీ (.laccdb) అనే పొడిగింపుతో ఒక చిన్న లాక్ ఫైలు కనిపిస్తే ఇంకా ఎవరో ఒకరు లోపల ఉన్నారని అర్థం, అది పోయిన తరువాతే కాపీ తీయండి. తరువాత పాత సిస్టమ్‌లోని రెండు ఫైళ్ళ పేర్లూ మార్చండి. అప్పుడు డిస్పాచ్ కౌంటరులో కూడా సందేశం వస్తుంది, రావాలి కూడా.

పాత ఫైలులో చిక్కుకున్న పది రోజుల ఎంట్రీలను తెచ్చుకోవడం వేరే పని, దానికి తొందర పనికిరాదు. ఒక ఖాళీ డేటాబేస్ తయారుచేసి, రెండు బ్యాక్ ఎండ్‌ల కాపీల నుంచీ అవసరమైన టేబుల్స్‌ను దానిలోకి లింకు చేయండి. ఒకే పేరున్న టేబుల్ రెండోసారి వచ్చినప్పుడు యాక్సెస్ చివర 1 చేరుస్తుంది. దానిని అలాగే వదలక ‘పాత బిల్లులు’ వంటి పేరు పెట్టుకోండి. సిస్టమ్ మార్చిన తేదీ తరువాతి వరుసలను మాత్రమే తీసుకొని, బిల్లు తేదీ, పార్టీ, మొత్తం వంటి నిజమైన వివరాలతో పోల్చి, కొత్త ఫైలులో లేనివాటిని గుర్తించండి. ఆటోనంబర్‌తో పోల్చకండి, ఎందుకంటే మార్పు జరిగిన మరుసటి క్షణం నుంచి రెండు ఫైళ్ళూ అవే నంబర్లను వేర్వేరు ఎంట్రీలకు ఇస్తూ వచ్చాయి. వరుసలను ఒక టేబుల్ నుంచి మరొకదానికి చేర్చే అపెండ్ క్వెరీలో ఆటోనంబర్ కాలమ్‌ను వదిలేసి, పాత నంబరును ఒక తాత్కాలిక కాలమ్‌లో ఉంచి చేర్చండి. బిల్లులోని ఐటమ్ వరుసలను చేర్చేటప్పుడు ఆ తాత్కాలిక కాలమ్ ఆధారంగా కొత్త నంబరును ఇవ్వాలి. ఇది చేసిన అనుభవం మీ వద్ద ఎవరికీ లేకపోతే, పది రోజుల డిస్పాచ్ ఎంట్రీలను ప్రింటు తీసి చేత్తో మళ్ళీ ఎక్కించడమే మేలని నా అభిప్రాయం. నెమ్మదైన పని, కానీ తప్పు జరిగితే కంటికి కనిపిస్తుంది.

డేటా ఒక్కచోటికి చేరిన తరువాతే లింకుల సంగతి చూడండి. రెండు మార్పులు కావాలి. మొదటిది, ఫ్రంట్ ఎండ్ ప్రతి సీటుకూ విడిగా, ఆ సిస్టమ్ హార్డ్ డిస్కులోనే ఉండాలి. షేర్ ఫోల్డరులో బ్యాక్ ఎండ్ ఒక్కటే ఉండాలి. డేటాబేస్‌ను రెండు ఫైళ్ళుగా విడగొట్టడంలో ఉద్దేశమే ఇది. ఒకే ఫ్రంట్ ఎండ్‌ను ఐదుగురు తెరిస్తే ఒకరు చేసిన లింకు మార్పు అందరినీ తాకుతుంది, పైగా ఆ ఫైలే పాడయ్యే అవకాశం పెరుగుతుంది. రెండవది, లింకులో డ్రైవు అక్షరం ఉండకూడదు. రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలై, డేటా సిస్టమ్ పేరు, షేర్ పేరు, ఫైలు పేరు వరుసగా వచ్చే నెట్‌వర్క్ పాత్ ఉండాలి. దీనినే యూఎన్‌సీ పాత్ అంటారు. ఏ సీటులో తెరిచినా అది ఒకే చోటును చూపిస్తుంది, డేటా ఉన్న సిస్టమ్‌లో తెరిచినా సరే.

ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబులో లింక్డ్ టేబుల్ మేనేజర్ తెరిచి, అన్ని టేబుల్స్‌నూ ఎంచుకొని రీలింక్ నొక్కండి. పాత వెర్షన్‌లలో రీలింక్ బటన్ ఉండదు, కొత్త చోటు అడగమని చెప్పే టిక్కు పెట్టాలి. ఫైలును చూపించేటప్పుడు జెడ్ డ్రైవులోకి వెళ్ళకుండా, ఫైలు పేరు రాసే చోట యూఎన్‌సీ పాత్‌ను మీరే టైపు చేయండి. డేటా సిస్టమ్ పేరుకు బదులు ఐపీ నంబరు రాయకండి. చిన్న కార్యాలయాల్లో రూటరే నంబర్లు పంచుతుంది, కరెంటు పోయి వచ్చిన తరువాత అదే నంబరు దొరుకుతుందన్న భరోసా లేదు. ఒక సీటులో ఇలా చేసి, ఏ టేబుల్ మీద మౌస్ ఆనించినా కొత్త పాతే కనిపిస్తోందని చూసుకొని, ఆ ఫ్రంట్ ఎండ్‌నే మిగిలిన సీట్లకు కాపీ చేస్తే సరిపోతుంది. ఆ కాపీని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపకండి. అలా వచ్చిన ఫైలును విండోస్ ఇంటర్నెట్ నుంచి వచ్చినదిగా గుర్తు పెట్టుకుంటుంది, 2022 నుంచి ఆఫీస్ అటువంటి ఫైళ్ళలోని కోడును నడవనివ్వడం లేదు. పెన్ డ్రైవులోనో షేర్ ద్వారానో ఇవ్వండి, ఫ్రంట్ ఎండ్ ఉన్న ఫోల్డరును యాక్సెస్ సెట్టింగుల్లో ట్రస్టెడ్ లొకేషన్‌గా (నమ్మదగిన చోటుగా) చేర్చండి.

లింకు మార్చే ముందు ఆ సీటు నుంచి ఆ చోటుకు దారి ఉందో లేదో యాక్సెస్‌తో సంబంధం లేకుండా చూసుకోవడం మంచి అలవాటు. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఆ పాత్‌లోని ఫోల్డరు వరకు రాసి తెరవండి. తెరుచుకోకపోతే లోపం యాక్సెస్‌ది కాదు, లింకును ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. కొత్త సిస్టమ్‌లో నెట్‌వర్క్ పబ్లిక్‌గా ఉందేమో, ఫైల్ షేరింగ్ ఆగి ఉందేమో చూడండి. పాస్‌వర్డ్ లేని యూజర్ ఖాతాతో నెట్‌వర్క్ ద్వారా లోపలికి రావడాన్ని విండోస్ మామూలుగా ఒప్పుకోదు. కాబట్టి కొత్త సిస్టమ్‌లో షేర్ కోసం పాస్‌వర్డ్ ఉన్న ఒక ఖాతా తయారుచేసి, ఆ వివరాలను ప్రతి సీటులోనూ విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజరులో భద్రపరచండి. పాత సిస్టమ్ పేరుతో మిగిలిపోయిన వివరాలుంటే తీసేయండి.

కనిపిస్తుంది గాని సేవ్ కాదు అన్న సీటు సంగతి వేరు. బ్యాక్ ఎండ్‌ను మొదట తెరిచినప్పుడు యాక్సెస్ ఆ ఫోల్డరులో ఇందాక చెప్పిన లాక్ ఫైలును సృష్టిస్తుంది, ఎవరెవరు లోపల ఉన్నారో అందులో రాసుకుంటుంది, ఎవరు ఏ వరుసను పట్టుకున్నారో తెలుసుకోవడానికి దానినే వాడుతుంది, చివరివారు మూసినప్పుడు తొలగిస్తుంది. అందువల్ల బ్యాక్ ఎండ్ వాడే ప్రతి ఒక్కరికీ ఆ ఫైలు మీద మాత్రమే కాక, ఫోల్డరు మీద కూడా చదవడం, రాయడం, సృష్టించడం, తొలగించడం అనే నాలుగు అనుమతులూ ఉండాలి. విండోస్‌లో షేర్ అనుమతులు ఒకచోట, సెక్యూరిటీ ట్యాబులోని అనుమతులు మరొకచోట ఉంటాయి, రెండింటిలో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. కొత్తగా షేర్ చేసినప్పుడు చదవడం వరకే అనుమతి ఇచ్చి ఊరుకోవడం చాలాచోట్ల చూశాను. రెండు చోట్లా మాడిఫై లేదా ఛేంజ్ స్థాయి ఇవ్వండి. అది ఇచ్చినా ఆ సీటు మారకపోతే, ఆ సీటులో వాడుతున్న యూజర్ పేరూ, మీరు అనుమతి ఇచ్చిన పేరూ ఒకటేనా అని చూడండి.

సందేశంతోపాటు వచ్చే నంబరును రాసిపెట్టుకోవడం చాలా శ్రమను తప్పిస్తుంది. 3044 వస్తే ఆ ఫోల్డరుకే దారి లేదు. 3024 వస్తే ఫోల్డరు ఉంది గాని ఆ పేరుతో ఫైలు లేదు. 3051 అనుమతికో, వేరెవరో ఫైలును ఒంటరిగా తెరిచి పెట్టుకోవడానికో సంబంధించినది. 3078 లేదా 3011 వస్తే ఫైలు దొరికింది గాని అందులో ఆ పేరున్న టేబుల్ దొరకలేదు, అంటే ఎవరో పేరు మార్చారు లేదా వేరే ఫైలుకు లింకయ్యారు. 3343 వస్తే మాత్రం రెండు అవకాశాలున్నాయి: ఫైలు నిజంగా పాడై ఉండవచ్చు, లేదా కొత్త యాక్సెస్‌లో లార్జ్ నంబర్ వంటి కొత్త డేటా రకం వాడినందువల్ల పాత యాక్సెస్ ఆ ఫైలును గుర్తుపట్టలేకపోవచ్చు. మిగిలిన సీట్లలో తెరుచుకుంటూ ఒక్క పాత ఆఫీస్ ఉన్న సీటులోనే ఇది వస్తే రెండవదే కారణం.

3043 గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన విశాఖలో దీనికి ఒక స్థానిక కారణం ఉంది. ఇది డిస్కు లేదా నెట్‌వర్క్ లోపమని చెప్పే సందేశం. ఫిషింగ్ హార్బర్ వైపు ఒక కార్యాలయంలో మధ్యాహ్నాలు మాత్రమే ఇది వచ్చేది. లింకులు, అనుమతులు, ఫైలు అన్నీ సరిగానే ఉన్నాయి. చివరికి కేబుల్ పిన్నులు తీసి చూస్తే సముద్రపు గాలికి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పిన్నులు మార్చి, స్విచ్చిని కిటికీ పక్క నుంచి లోపలి గదిలోకి జరిపాక ఆ సందేశం మళ్ళీ రాలేదు. యాక్సెస్ రాస్తుండగా నెట్‌వర్క్ ఒక్క క్షణం తెగినా బ్యాక్ ఎండ్ నిజంగా పాడవవచ్చు. అందుకే ఏ సీటునూ వైఫై మీద నడపవద్దని, డేటా సిస్టమ్‌కూ స్విచ్చికీ కలిపి యూపీఎస్ పెట్టమని అందరికీ చెబుతాను. బ్యాక్ ఎండ్‌ను వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటి సింక్ ఫోల్డర్లలో ఉంచి నలుగురూ వాడటం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క నకలు తయారై మీ డిస్పాచ్ కౌంటరు కథే మళ్ళీ మొదలవుతుంది.

మరొక మెలకువ కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పోర్టు సమీపంలోని ఒక క్లియరింగ్ కార్యాలయంలో కిటికీ అద్దాలు పగిలి డేటా సిస్టమ్ తడిసిపోయింది. కరెంటు వచ్చిన తరువాత కొత్త సిస్టమ్ తెచ్చి, బ్యాకప్ నుంచి బ్యాక్ ఎండ్‌ను పెట్టాము. లింకులన్నీ యూఎన్‌సీ పాత్‌తోనే ఉన్నందున, కొత్త సిస్టమ్‌కు పాత సిస్టమ్ పేరే పెట్టి, షేర్‌కు పాత పేరే ఇచ్చాము. ఏడు సీట్లలో ఒక్క లింకు కూడా మార్చవలసిన అవసరం రాలేదు. మీరు మాత్రం ఇప్పుడు ఈ మార్గం పట్టకండి, పాత సిస్టమ్ ఇంకా మీ నెట్‌వర్క్‌లోనే ఉంది, ఒకే పేరుతో రెండు సిస్టమ్‌లు ఉండకూడదు.

ఇవన్నీ చేసిన తరువాత కూడా ఏదైనా సీటు ఆగితే నాకు మూడు విషయాలు రాయండి: సందేశంలోని పూర్తి వాక్యమూ నంబరూ, ఆ సీటులో టేబుల్ మీద మౌస్ ఆనిస్తే కనిపించిన పాత్, ఆ సీటు తెరుస్తున్న ఫ్రంట్ ఎండ్ ఏ ఫోల్డరులో ఉందన్న వివరం. డిస్పాచ్ కౌంటరులో కనిపించిన పాత్‌ను మాత్రం మిగిలినవాటి కోసం ఆగకుండా ఈ రోజే రాయండి.